అద్దుడు కాగితం మీది పేరు

గడియారాల వ్యాపారి మూడోసారి చచ్చిపోయాడు.

మొదటిసారి చచ్చిపోయినప్పుడు ఫోర్‌మన్‌గారు కుర్చీలో ముందుకు వంగి "అయ్యో పాపం" అన్నారు. రెండోసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మూడోసారికి జాలి పోయి విసుగు మిగిలింది. నడుం పట్టేసింది. మౌస్ నొక్కి నొక్కి చూపుడువేలు తిమ్మిరెక్కింది. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్, దాని పక్కన కళ్ళలో వేసుకునే చుక్కల మందు, చల్లారి మీగడ కట్టిన టీ, రెండువందల పన్నెండు బొమ్మల వివరాలున్న ఒక జాబితా. ఒక్కో బొమ్మ చూడటం, అందులోని తెలుగు అక్షరాలు చదవడం, జాబితాలో దాని ఎదురుగా "సరి" అని రాయడం. ఆదివారం పొద్దున్నుంచీ ఇదే పని. డెబ్భై మూడేళ్ళ మనిషి.

ఆయన ఆడుతున్నది కంప్యూటర్ ఆట. పేరు "గ్యాసు దీపాల వీధి". విక్టోరియా రాణిగారి కాలంనాటి నగరం. ఎటు చూసినా పొగమంచు, రాళ్ళు పరిచిన వీధులు, గుర్రబ్బళ్ళు, పొడుగు టోపీలు. ఒక గడియారాల వ్యాపారి తన గదిలోనే హత్యకు గురయ్యాడు. చేతికర్ర పట్టుకున్న ఒక కుంటి డిటెక్టివ్ ఆ ఇంట్లో సొరుగులన్నీ లాగి, మేనల్లుణ్ణీ వంటమనిషినీ డాక్టరునూ వ్యాపారంలో భాగస్తుణ్ణీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, ఆఖరున ఒకరి వైపు వేలు చూపించాలి. ఆ డిటెక్టివ్ ఆడేవాళ్ళే. వేలు ఒక్కసారే చూపించాలి. తప్పు మనిషి వైపు చూపిస్తే పాపం ఆ మనిషిని ఉరితీస్తారు, ఆట అక్కడితో సరి.

ఆ ఆటను తెలుగులోకి తెచ్చింది ఫోర్‌మన్‌గారి ఒక్కగానొక్క కూతురు. చెప్పుల దుకాణం పైన మేడమీద గదిలో, ఆరు బల్లలున్న ఆఫీసులో, ఏడు నెలలపాటు చేసిన పని. అంతకు ముందు మూడేళ్ళు ఆ అమ్మాయి ఫోనులో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం చేసింది. తలకు తగిలించుకున్న హెడ్‌సెట్టు రాపిడికి నడినెత్తిన జుట్టు పలచబడింది. ఎడమ చెవిలో జుయ్‌మనే మోత ఇప్పటికీ పోలేదు. రోజుకు నూటపాతికమంది చేత తిట్లు తిని వచ్చి, ఇంట్లో ఎవరైనా కాస్త గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడేది. వచ్చే శుక్రవారం, ఆట తయారుచేసిన పెద్ద కంపెనీవాళ్ళు ఈ తెలుగు ఆటను చూస్తారు. బాగుందంటే ఇలాంటివే ఇంకో ఐదు ఆటలు ఇస్తారు. బాగాలేదంటే మేడమీద గదికి తాళం పడుతుంది, అమ్మాయి నెత్తిమీదికి మళ్ళీ హెడ్‌సెట్టు ఎక్కుతుంది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

తప్పులు పట్టే పని ఫోర్‌మన్‌గారికి ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ఆయన చేసుకొచ్చిన పనులు కొన్ని చెప్పాలి.

ఆయన చదివింది పల్లెటూరి బళ్ళో ఎనిమిదో తరగతి దాకా. ఒకే గది, ఒకే మాస్టారు, నలుగురు పిల్లలకు ఒకే వాచకం. ముగ్గురు పుస్తకానికి ఇటువైపు కూర్చుంటే చోటు చాలక ఈయన అటువైపు కూర్చునేవారు. అలా ఎదురుగా కూర్చుని, తలకిందులుగా కనబడే అక్షరాలతోనే చదువు నేర్చుకున్నారు. మాస్టారు చదవమన్నప్పుడు ఆ ముగ్గురికంటే ముందు ఈయనే చదివేవారు. పదహారో ఏట ప్రెస్సులో చేరేనాటికి ఆ అలవాటు పెద్ద ఆస్తి అయింది. సీసం అక్షరాలు ఎప్పుడూ అద్దంలో బొమ్మలా తిరగబడే ఉంటాయి కదా. మిగతా కుర్రాళ్ళు ఆరు నెలలు తంటాలు పడి నేర్చుకున్నదాన్ని ఆయన ఆరు రోజుల్లో పట్టేశారు. ఇరవై తొమ్మిదో ఏట ఫోర్‌మన్ అయ్యారు. మొత్తం నలభై ఒక్క ఏళ్ళ సర్వీసు. పదకొండువందల పేజీల టెలిఫోన్ డైరెక్టరీ, పదకొండేళ్ళు వరసగా, ఒక్క నంబరు తప్పు పోలేదు. మూడు సంపుటాల నిఘంటువు. రైళ్ళ టైమ్‌టేబులు. ఓటర్ల జాబితా పందొమ్మిది రోజుల్లో, కాగితం బేళ్ళ మీదే కునుకు తీస్తూ. చేతికింద ముప్ఫై నాలుగుమంది పనివాళ్ళు తయారయ్యారు. చట్రంలో బిగించిన అక్షరాల ఫారాన్ని బల్లకు అవతలి వైపు నిలబడి చూసి, "మూడో కాలమ్, పన్నెండో వరస, వత్తు తిరగబడింది" అని చెప్పగల మనిషి ఆ చుట్టుపక్కల ప్రెస్సుల్లో ఇంకొకరు లేరు. ఆ ప్రెస్సు మూతపడి, ఆ సీసమంతా కరిగిపోయి చాలా కాలమైంది.

అందుకే అమ్మాయి, "ఇంకో ఇద్దరిని పెడదాం నాన్నా. పైవాటాలో కాలేజీ అమ్మాయిలు ఆడి చూస్తామన్నారు" అన్నప్పుడు ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు.

"నేనుండగానా?"

"నువ్వుండగానే. ఒక్కడి కళ్ళు చాలవంటున్నారు మావాళ్ళు."

"మీవాళ్ళకి చెప్పు. పదకొండువందల పేజీల డైరెక్టరీ..."

"పదకొండేళ్ళు వరసగా. తెలుసు నాన్నా."

"ఒక్క నంబరు..."

"తప్పు పోలేదు. అదీ తెలుసు."

వంటింట్లోంచి ఆయన భార్య అందుకుంది. "అందులో మన నంబరు లేదే తల్లీ. మనకి ఫోనుంటేగా! ఊళ్ళోవాళ్ళ నంబర్లన్నీ నోటికొచ్చేవి మీ నాన్నకి. అచ్చు నడిచే నెలలో ఇల్లెక్కడుందో మాత్రం గుర్తుండేది కాదు."

"నువ్వు ఊరుకోవోయ్. పని సంగతి మాట్లాడుతున్నాం."

"ఊరుకోక ఏం చేస్తాను? భోజనాల బల్ల మీద శవాన్ని పెట్టుకుని కూర్చున్నారు. నేల మీద కూర్చుని తింటున్నాం నెలరోజులుగా."

అమ్మాయి నవ్వింది. నవ్వితే కళ్ళకింద నల్లటి వలయాలు ఇంకా లోతుగా కనబడ్డాయి. ఇంకో ఇద్దరి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆటలో ఫోర్‌మన్‌గారికి అన్నిటికంటే నచ్చింది అద్దుడు కాగితం. రెండో అధ్యాయంలో వంటమనిషి గదిలో దొరుకుతుంది అది. ఎవరో ఉత్తరం రాసి, సిరా ఆరకముందే దానిమీద అద్దిన కాగితం. అందులో అక్షరాలు తిరగబడి పడతాయి. మామూలు వాళ్ళకు చీమలు పాకినట్టు కనబడుతుంది. దాన్ని జేబులో పెట్టుకుని మూడు అధ్యాయాలు తిరగాలి. ఐదో అధ్యాయంలో వసారా తాళం వచ్చాక, అక్కడున్న నిలువుటద్దం ముందు పెడితే అప్పుడు అక్షరాలు తిన్నగా చదవడానికి వస్తాయి, హంతకుడెవరో తెలుస్తుంది. ఫోర్‌మన్‌గారికి అద్దంతో పని పడలేదు. మొదటిసారి చూసినప్పుడే గడగడా చదివేశారు.

"మీ డిటెక్టివ్‌కి ఐదు అధ్యాయాలు పట్టిందేమో గానీ, నాకు రెండోదాంట్లోనే దొరికాడే దొంగవెధవ" అని ఆ రోజు కూతురితో గొప్పగా చెప్పారు.

"నీకు తప్ప ఇంకెవరికీ దొరకడులే నాన్నా" అని ఆ అమ్మాయి మురిసిపోయింది కూడా.

మూడోసారి ఆడుతున్నప్పుడూ అంతే. చదివారు, లోలోపల నవ్వుకున్నారు, రాశారు. బొమ్మ నూటనలభై మూడు: అద్దుడు కాగితం. సరి. బొమ్మ నూటనలభై నాలుగు: అద్దంలో అద్దుడు కాగితం. సరి. సోమవారం పొద్దున జాబితా అడుగున, ప్రెస్సులో ఆఖరి ప్రూఫు మీద రాసినట్టే "అచ్చుకు పంపవచ్చు" అని రాసి సంతకం పెట్టారు. సాయంత్రానికి ఆట పెద్ద కంపెనీకి వెళ్ళిపోయింది.

మంగళవారం ఇంట్లో ముగ్గురూ ఊరికే కూర్చున్నారు. పని అయిపోయాక వచ్చే నీరసం పని చేసేటప్పుడు రాదు. బుధవారం మధ్యాహ్నం భోజనాలు కాగానే అమ్మాయి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. తలుపు దగ్గరికి వేసి వచ్చిన ఆవిడ, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ బల్ల దగ్గర కూర్చుంది.

"నాకూ చూపించండి ఒకసారి ఆ హత్య."

"నీకెందుకోయ్, కళ్ళు నొప్పెడతాయి."

"నెలరోజులు నా బల్ల తిన్నది. ఏముందో నేనూ చూడొద్దూ?"

ఆమె మౌస్‌ను ఇస్త్రీపెట్టెలా పట్టుకుంది. ఆవిడ యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. పేపరు చదివితే వేలు పెట్టి వరస వరస చదువుతుంది. శవం దగ్గర ఆట్టే సేపు ఆగలేదు. "ఆ కోటు చంక దగ్గర కుట్టు చూడండి, దర్జీవాడు మహా బద్ధకస్తుడు" అంటూ ముందుకు నడిచింది. మేనల్లుడి మొహం బాగాలేదంది. వంటమనిషి గదిలో సొరుగు లాగింది, కాగితం తీసింది, తెరమీద వేలు పెట్టి మెల్లగా చదివింది.

"'గురువారం వెనక తలుపు గడియ తీసి ఉంచు. మందు నేనే తెస్తాను.' కింద 'డాక్టరు' అని ఉంది. ఇంకేం, డాక్టరే చంపాడు. అయిపోయిందా? దీనికా ఏడు నెలలు?"

ఫోర్‌మన్‌గారు కుర్చీలో కదిలారు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేమిటి? కాగితం మీద ఉంటే."

"అది తిరగేసి ఉంటుంది. నువ్వు చదవలేవు."

"చదివాను కదండీ ఇప్పుడే!"

"అమ్మాయి చెప్పుంటుంది నీకు ముందే."

"మీ అమ్మాయి నాతో అన్నం తిన్నావా అన్న మాట మాట్లాడి నాలుగు నెలలైంది. తిన్నగా కనబడుతోంది కాబట్టి చదివాను. నాకు కళ్ళ ఆపరేషనైతే మాత్రం తిన్ననిదేదో వంకరదేదో తెలియదా నాకు?"

ఫోర్‌మన్‌గారు తెరకు మొహం దగ్గర పెట్టి చూశారు. అక్షరాలు ఎప్పటిలాగే ఉన్నాయి. తిరగబడి ఉన్నాయా, తిన్నగా ఉన్నాయా? ఎంత చూసినా తేలలేదు. నలభై ఒక్క ఏళ్ళు రెండు వైపులా నడిచిన దారి. ఎటునుంచి ఎటు వెళ్తున్నారో ఆయన కాళ్ళకు తెలియదు. పెన్సిలు తీసి, జాబితా మార్జిన్లో "తలుపు" అని తన చేత్తో రాశారు. కాగితం మీద 'త' తలకట్టు కుడివైపుకు లేచింది. వేలితో తడిమి చూసుకున్నారు. తెర మీద చూశారు. అక్కడా కుడివైపుకే లేచింది.

ఎడమకు లేవాలి.

ముందే ఆడి దాచిపెట్టుకున్న ఐదో అధ్యాయం తెరిచి నిలువుటద్దం ముందుకు వెళ్ళారు. అద్దంలో తలకట్టు ఎడమకు లేచింది.

"ఇది చదువు" అన్నారు.

ఆవిడ వేలు పెట్టింది. వేలు ఎటూ కదల్లేదు. "ఇదేం భాషండీ?"

చదవకూడని చోట అందరూ చదువుతారు, చదవాల్సిన చోట ఒక్కరూ చదవలేరు. పన్నెండు గంటలు ఆడాల్సిన ఆట అరగంటలో అయిపోతుంది. రెండు బొమ్మలూ తప్పు. రెంటి ఎదురుగా "సరి" అని ఉంది, గుండ్రటి చేతిరాతతో.

కూతురి గది తలుపు దాకా వెళ్ళి ఆగిపోయారు. లోపల ఊపిరి చప్పుడు సన్నగా వినబడుతోంది. ఎన్ని వారాల తర్వాత పడుకుందో. ఆ కాసేపట్లో ఆయన మనసులో నానా ఆలోచనలూ తిరిగాయి. పెద్ద కంపెనీవాళ్ళు అంత దూరం ఆడతారో లేదో. ఆడినా, బొమ్మ అతికించింది ఆఫీసులో కంప్యూటర్ పనిచేసే పిల్ల కదా, తను కాదు. ఎవరు సంతకం పెట్టారని అడుగుతారా? అడగరు. ఇవాళ్టికి నిద్రపోనీ. రేపు చెబితే కొంప మునుగుతుందా? మునుగుతుంది. ఆ సంగతి కూడా ఆయనకు తెలుసు.

"లేపండి" అంది వెనకనుంచి ఆవిడ.

"ఒక్క గంట పడుకోనీ."

"ఆ గంట దానికోసమా, మీకోసమా?"

ఆయన తలుపు తోసి, వీలైనంత మెల్లగా "అమ్మా" అన్నారు. అయినా ఆ అమ్మాయి ఉలిక్కిపడి లేచి కూర్చుంది. చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది.

తెర ముందు కూర్చుని రెండు బొమ్మలూ మార్చి మార్చి చూసింది. తిడుతుందేమో, తిడితే బాగుండును అనుకున్నారు ఆయన. చివరికి జుట్టు ముడేసుకుంటూ అంది. "నువ్వు అద్దం లేకుండా చదివేశానన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది నాన్నా. మా నాన్న గొప్ప అనుకున్నాను."

అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆఫీసులో కంప్యూటర్ పనిచేసే పిల్లను అందరూ పిట్ట అంటారు, గొంతు అలా ఉంటుంది కనక. ఫోను స్పీకర్‌లో పెట్టగానే ఆ గొంతు గదంతా నిండింది. "అయ్యో అక్కా, నేనే! తెలుగు అక్షరాలు అతికించి, తిప్పడం మర్చిపోయాను. అద్దంలో బొమ్మ అదంతట అదే తిరుగుతుంది, అందుకే అక్కడ తారుమారైంది. రేపటికల్లా సరిచేస్తాను. నువ్వేం కంగారుపడకు, వాళ్ళకి రాసి అడుగు."

రాశారు. గంటన్నరకు జవాబు వచ్చింది. గురువారం సాయంత్రం ఐదు లోపల సరిచేసిన ఆట పంపితే పాతది పక్కన పెడతారు. కానీ పరిశీలించి సంతకం పెట్టిన మనిషి, ఇంత పెద్ద తప్పు ఎలా జారిపోయిందో స్వయంగా రాసి పంపాలి. ఆ ఉత్తరం నచ్చకపోతే సోమవారం పంపిన ఆటనే లెక్కలోకి తీసుకుంటారు.

పిట్ట మళ్ళీ ఫోను చేసింది. "టెక్నికల్ ప్రాబ్లమ్ అని నా పేరు మీద రాసేద్దాం అక్కా. తాతగారిని ఇందులోకి లాగడం ఎందుకు?"

అమ్మాయి తండ్రి వైపు చూసింది. ఆ చూపులో "సరే అను నాన్నా" అన్నది స్పష్టంగా ఉంది.

"పిట్టమ్మా, నీకెన్నేళ్ళు?" అన్నారు ఫోర్‌మన్‌గారు.

"ఇరవై నాలుగు తాతగారూ."

"నా ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటర్లు తప్పులు చేసేవాళ్ళు. చెయ్యకపోతే నాతో పనేముంది? ఆఖరి ప్రూఫు మీద నా సంతకం పడ్డాక మాత్రం వాళ్ళ తప్పు వాళ్ళది కాదు. నువ్వు బొమ్మ తిప్పే పని చూసుకో. ఉత్తరం సంగతి నాకొదిలెయ్యి."

గురువారం పొద్దున ముగ్గురూ మేడమీది ఆఫీసుకు వెళ్ళారు. ఇరవై ఆరు మెట్లు. మధ్యలో రెండుసార్లు ఆగారు ఆయన. కింద దుకాణంలోంచి కొత్త తోలు వాసన మెట్లవెంబడే పైకి వస్తోంది. ఆఫీసులో ఒక మూల బల్ల ఖాళీ చేసి కాగితం, కలం ఇచ్చారు. రెండు గంటలసేపు తల ఎత్తకుండా రాశారు. మూడు పేజీలు వచ్చింది.

అమ్మాయి నిలబడే చదివింది. మొదటి పేజీ నిండా పల్లెటూరి బడి, మాస్టారు, తలకిందుల వాచకం. రెండో పేజీ నిండా డైరెక్టరీ, నిఘంటువు, పందొమ్మిది రోజుల ఓటర్ల జాబితా, ముప్ఫై నాలుగుమంది. మూడో పేజీలో అడుగున రెండు వరసలు అద్దుడు కాగితం గురించి.

"నాన్నా, వీళ్ళు నీకు ఉద్యోగం ఇవ్వడం లేదు."

"తెలుసు."

"తప్పు ఎలా జరిగిందని అడిగారు. ఇందులో నువ్వు తప్పే చెయ్యవని ఉంది."

"ఆ పనులన్నీ చేసిన మనిషినని తెలియొద్దూ వాళ్ళకి? ఎవరో దారినపోయే వాడనుకుంటారు."

గోడవారన కుర్చీలో కూర్చున్న ఆవిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని అంది. "ఇంకా నయం, మన పెళ్ళి ఫొటో పెట్టలేదు."

పిట్ట నవ్వాపుకోలేక కంప్యూటర్ వెనక తల దాచుకుంది. అమ్మాయి నవ్వలేదు. తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నెమ్మదిగా అంది. "నాకు ఆ ఫోనుల్లోకి మళ్ళీ వెళ్ళాలని లేదు నాన్నా."

ఏడు నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఫోర్‌మన్‌గారు కలం తీసుకున్నారు. ముందు ఓటర్ల జాబితాను కొట్టేశారు. రైళ్ళ టైమ్‌టేబులు పోయింది. నిఘంటువు దగ్గర కాస్త ఆగి, కొట్టేశారు. ముప్ఫై నాలుగుమంది పోయారు. డైరెక్టరీ మీద కలం రెండుసార్లు లేచి రెండుసార్లు దిగింది. ప్రూఫుల్లో వాడే ఆ పొడుగు గీత, తోక దగ్గర చిన్న మెలి. ఇతరుల రాతల మీద లక్షసార్లు గీసిన గీత. అన్నీ కొట్టేశాక కొత్త కాగితం మీద రాశారు:

"బొమ్మలు నూటనలభై మూడు, నూటనలభై నాలుగు చూసి సరి అని సంతకం పెట్టింది నేను. నేను ప్రెస్సులో చాలా ఏళ్ళు తిరగబడిన అక్షరాలు చదివాను. నాకు తిన్నని అక్షరం, తిరగబడిన అక్షరం ఒక్కలాగే కనబడతాయి. ఆ సంగతి నాకే తెలియదు, నిన్న నా భార్య ఆడినప్పుడు తెలిసింది. రెండో మనిషి చూస్తే దొరికేది. రెండో మనిషి వద్దన్నది కూడా నేనే."

అమ్మాయి చదివి, కాగితం మడత పెట్టకుండా రెండు చేతులా పట్టుకుని తీసుకెళ్ళింది.

మధ్యాహ్నం రెండింటికి పిట్ట "అయింది, చూడండి" అంది. ఫోర్‌మన్‌గారు అలవాటుకొద్దీ లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. భార్య వైపు చెయ్యి చూపించారు.

"నేనా?" అంది ఆవిడ.

"నువ్వే. నా కళ్ళు దీనికి పనికిరావు."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, కొత్త కాగితానికి మొహం ఆనించినంత పని చేసింది.

"ఏమైనా తెలుస్తోందా?" అన్నారు ఆయన.

"చీమలు."

"బాగా చూడు. 'డాక్టరు' అన్న మాటేమైనా..."

"ఏదండీ, ఈ గొంగళిపురుగా?"

"'మందు'?"

"మీరు చెప్పకండి. మీరు చెబితే నాకు కనబడుతుంది." ఇంకాసేపు చూసింది. "ఉహూఁ. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఎవరు రాశారో గానీ చెత్తగా రాశారు."

ఆ చెత్త రాత ఫోర్‌మన్‌గారికి అక్కడినుంచే, కుర్చీలో వెనక్కి వాలి కూడా, గడగడా చదవడానికి వస్తోంది. గురువారం. వెనక తలుపు. గడియ. భార్యకు ఒక్క అక్షరమూ రావడం లేదు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడకు ఏదైనా తెలియకపోవడం చూసి ఆయన ఇంత సంతోషించింది లేదు. అద్దం ముందుకు వెళ్ళాక ఆవిడ వేలు పెట్టి వరస వరస చదివింది, డాక్టరు దాకా.

పరిశీలన కాగితం వచ్చింది. ఆయన కలం ఆవిడ చేతిలో పెట్టారు.

"నా సంతకం బ్యాంకువాళ్ళే ఒక్కసారికి ఒప్పుకోరు" అంటూ ఆవిడ పెట్టింది. కింద ఆయన కూడా పెట్టారు, కాస్త చిన్నగా. నాలుగు ఇరవైకి ఆటా, ఉత్తరమూ వెళ్ళాయి. ఇంటికి వచ్చాక ఆవిడ టీ పెట్టింది. ముగ్గురూ సగం సగం తాగి వదిలేశారు.

శుక్రవారం అమ్మాయి పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళింది. ఫోర్‌మన్‌గారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వాలుకుర్చీలో కూర్చున్నారు. పేపరు తెరిచి మూసేశారు. మధ్యాహ్నం తిన్నామనిపించుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నారు. బల్ల మీద ల్యాప్‌టాప్ లేదు. ఆవిడ తడిగుడ్డతో తుడిచి, పళ్ళేలు సర్ది పెట్టింది. ఎండ కిటికీ ఊచల నీడలను గోడ మీదికి ఎక్కించింది. మెడ వెనక్కి వాలిపోయింది. ఎక్కడెక్కడి అలసటో, ప్రెస్సు నాటిది కూడా, ఆ కుర్చీలోనే వచ్చి కూర్చున్నట్టుంది.

గేటు చప్పుడైంది. చెప్పులు విడిచిన చప్పుడు. ఆయన కళ్ళు తెరవబోయారు, రెప్పలు లేవలేదు.

వంటింట్లో కూతురి గొంతు, చాలా మెల్లగా. "ఒప్పుకున్నారమ్మా."

ఏదో గిన్నె గట్టుమీద పెట్టిన చప్పుడు. "మొత్తమా?"

"గుర్రబ్బండి అన్న మాట ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉందట. అదొక్కటి మార్చమన్నారు. రెండో ఆట పది రోజుల్లో వస్తుంది. ఇకనుంచి కనీసం ముగ్గురు చూడాలట, అందులో ఒకరు 'మీ అమ్మగారిలాంటి వాళ్ళు' ఉండాలన్నారు."

"నాలాంటి వాళ్ళంటే? ఏమీ రానివాళ్ళనా?"

"అలా అనలేదులే." నీళ్ళు వంచుకున్న చప్పుడు. "పాత ఆఫీసువాళ్ళు సోమవారంనుంచి రమ్మని రెండు రోజులుగా ఫోను చేస్తున్నారు. నీకు చెప్పలేదు. ఇందాక బస్సులోంచే రానని చెప్పేశాను."

ఆవిడ ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది.

"నాన్నని లేపనా?"

"వద్దు. లేపితే మళ్ళీ డైరెక్టరీ దగ్గర్నుంచి మొదలెడతారు. పడుకోనీ, రెండు రోజులుగా కన్ను మూయలేదు మనిషి."

ఫోర్‌మన్‌గారు అన్నీ విన్నారు. కళ్ళు మాత్రం తెరవలేదు. తెరిస్తే ఏదో ఒకటి అనాలి. నేను ముందే చెప్పాను కదా అనలేరు, ముందు చెప్పింది ఏమీ లేదు. గుర్రబ్బండి మాట ఏ అధ్యాయంలో మారిందో మాత్రం ఆయనకు వెంటనే తట్టింది. నాలుగోదాంట్లో, వంతెన దగ్గర. అది కూడా జారిపోయిందన్నమాట. సాయంత్రం చెప్పొచ్చు.

కూతురి అడుగులు కుర్చీ దాకా వచ్చి ఆగాయి. కళ్ళజోడు ముక్కు మీదినుంచి మెల్లగా తీసి పక్కన పెట్టింది. తర్వాత తన గదిలోకి వెళ్ళింది. మంచం కిర్రుమంది. ఆయన కాళ్ళు చాపుకున్నారు.